వినిపించని క్యాలెండరు: వెబ్ యాక్సెసిబిలిటీ పనిలో చిక్కుముడులు

తిరుపతిలో ఆన్‌లైన్‌లో గది బుక్ చేసుకోవడం అనే పనిని ఒకసారి విడదీసి చూద్దాం. తేదీ ఎంచుకోవాలి, ఎంతమంది వస్తారో చెప్పాలి, ఏదో ఒక గుర్తింపు కార్డు వివరం ఇవ్వాలి, ఫోనుకు వచ్చిన ఓటీపీని గడువులోగా కొట్టాలి, డబ్బు కట్టాలి. చూపున్నవారికి ఇది నాలుగైదు నిమిషాల పని. మూడేళ్ల క్రితం ఆర్టీసీ బస్టాండుకు దగ్గరలోని ఒక లాడ్జి కోసం నేను ఇటువంటి పేజీ తయారు చేశాను. చిత్తూరులో ఉండే ఒక విశ్రాంత అయ్యవారికి, చిన్ననాటి నుంచే చూపు లేనివారికి, దాన్ని పంపి ఒకసారి వాడి చూడమని అడిగాను. ఆయన తన ల్యాప్‌టాప్‌లో, తెరమీది సంగతులను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో నలభై నిమిషాలు ప్రయత్నించి, తర్వాత ఫోన్ చేశారు. "నాయనా, నీ క్యాలెండరు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదవతా ఉంది గానీ అది ఏ నెలో చెప్పడం లేదే. ఎంటర్ కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. తేదీ పట్టుకునిందో లేదో నాకెట్ల తెలియాల?" అన్నారు.

ఆ పేజీని కంటితో చూస్తే లోపమేమీ కనిపించదు. ఖాళీ గదులున్న తేదీలు ఆకుపచ్చగా, నిండిపోయినవి ఎర్రగా ఉంటాయి, నెల పేరు పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది, తేదీని తాకితే దాని చుట్టూ గీత వస్తుంది. ఇవన్నీ కంటికి చెప్పిన మాటలు. చెవితో పని చేసుకునే మనిషికి ఆ పేజీ చెప్పినవి ముప్పై ఒక్క అంకెలు మాత్రమే. ఫ్రంటెండ్ డెవలపర్లలో (వెబ్‌సైటులో వాడేవారికి కనిపించే భాగాన్ని తయారు చేసేవారిలో) వెబ్ యాక్సెసిబిలిటీని, అంటే వైకల్యం ఉన్నవారికి కూడా సైట్లు అందేలా చూడడాన్ని, ప్రత్యేకంగా పట్టుకున్నవాళ్లం చేసే పనిలో ఎక్కువ భాగం ఈ తేడాను వెతికి పూడ్చడమే. (యాక్సెసిబిలిటీని ప్రాప్యత అనీ, సుగమ్యత అనీ తెలుగులో రాస్తున్నారు. పనిచేసే చోట అందరం యాక్సెసిబిలిటీ అనే అంటాం కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను.)

చిక్కు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే స్క్రీన్ రీడర్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. అది తెరమీది బొమ్మను చూసి చదవదు. పేజీ కోసం మనం రాసిన హెచ్‌టీఎంఎల్ కోడ్‌ను బ్రౌజరు చదివి డామ్ అనే చెట్టులాంటి నిర్మాణంగా మార్చుకుంటుంది. దానికి రంగులూ కొలతలూ జోడించి తెరపై పేజీని గీస్తుంది. అదే సమయంలో డామ్ నుంచి ఇంకో చెట్టును కూడా కడుతుంది, దాని పేరు యాక్సెసిబిలిటీ ట్రీ. అందులో ఒక్కో భాగానికి ముఖ్యంగా మూడు వివరాలు ఉంటాయి: అది ఏ రకానిది (బటనా, లింకా, శీర్షికా, టిక్కు పెట్టే గడా), దాని పేరేమిటి, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది (టిక్కు పెట్టి ఉందా, తెరిచి ఉందా, మూసి ఉందా). ఈ వివరాలు ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా స్క్రీన్ రీడర్‌కు చేరితే, అది వాటిని గొంతుగానో బ్రెయిలీ చుక్కలుగానో వాడేవారికి అందిస్తుంది. అంటే ఒకే పేజీ రెండు రూపాల్లో ఉంటుంది. మొదటి రూపాన్ని డిజైనరు, లాడ్జి యజమాని, నేను, అందరం చూసి బాగుందనుకున్నాం. రెండో రూపాన్ని క్రోమ్‌లోని డెవలపర్ టూల్స్‌లో ఎవరైనా తెరిచి చూడవచ్చు, కానీ ఆ రోజుకి నేను తెరవలేదు.

నా క్యాలెండరులో ఒక్కో తేదీ ఒక్కో డివ్. హెచ్‌టీఎంఎల్‌లో డివ్ అంటే అర్థమేమీ లేని ఒట్టి గడి. దాని మీద జావాస్క్రిప్టుతో క్లిక్ పనిని కడితే మౌస్‌కు స్పందిస్తుంది. అయితే ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్లేవారి ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు పేజీలో ఎక్కడుందో ఆ చోటు) దాని మీద ఆగదు, ఎంటర్‌కూ స్పేస్‌కూ అది కదలదు, యాక్సెసిబిలిటీ ట్రీలో దాని గురించి '14' అన్న పాఠ్యం తప్ప ఇంకేమీ ఉండదు. డివ్ బదులు బటన్ అన్న ట్యాగునే వాడి ఉంటే ఇవన్నీ బ్రౌజరు ఊరకే ఇచ్చేది: ఫోకస్ ఆగుతుంది, మీటలు పనిచేస్తాయి, 'బటన్' అన్న పలుకు వినిపిస్తుంది. ఈ ఒక్క మార్పు వల్ల లాభం చూపు లేనివారితో ఆగదు. చేతులు వణికి మౌస్ నిలకడగా పట్టలేని వృద్ధులకు, నోటితోనో తలతోనో ఒక్క స్విచ్ నొక్కి కంప్యూటరు నడిపేవారికి, మాటతో ఆజ్ఞలిచ్చేవారికి, అందరికీ ఆ బటన్ అందుతుంది. బర్డ్ వంటి ఎముకల ఆస్పత్రి ఉన్న ఊరిలో చేతికి కట్టుతో ఒంటిచేత్తో పని చేసుకునేవారు మనకు కొత్త కాదు.

అప్పటికీ సమస్య సగమే తీరుతుంది. 'బటన్ 14' అని వినిపిస్తే అది ఏ నెలలో 14? గదులు ఉన్నాయా, లేవా? రంగు ద్వారా మాత్రమే చెప్పిన సంగతి రెండో చెట్టులోకి రాదు. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేని చూపు చాలామంది మగవారిలో ఉంటుంది, వారికి తెరమీద కూడా ఆ సంగతి తెలియదు. అందుకే బటన్ పేరును '2025 అక్టోబరు 14, మంగళవారం, గదులు ఉన్నాయి' అని పూర్తిగా ఇవ్వాలి, నిండిన తేదీల మీద కంటికి కూడా ఆనేలా 'నిండింది' అన్న మాటో అడ్డగీతో ఉంచాలి.

ఇక్కడ ఏరియా (ARIA) అనే సాధనం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారు ఎక్కువగా పొరపడేది దీని దగ్గరే. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 2014లో దీని మొదటి సంచికను ప్రమాణంగా ప్రకటించింది. హెచ్‌టీఎంఎల్ ట్యాగులకు అదనంగా పాత్రనూ, పేరునూ, స్థితినీ రాసే వీలు ఇది కల్పిస్తుంది. అయితే అది మార్చేది యాక్సెసిబిలిటీ ట్రీలో రాసి ఉన్న మాటను మాత్రమే, ప్రవర్తనను కాదు. డివ్‌కు బటన్ అనే పాత్ర తగిలిస్తే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని పిలుస్తుంది, వాడేవారు నమ్మి ఎంటర్ నొక్కుతారు, ఏమీ జరగదు. ఏమీ చెప్పని పేజీ కన్నా అబద్ధం చెప్పే పేజీ ఎక్కువ నష్టం చేస్తుంది. తప్పుగా రాసిన ఏరియా కన్నా అసలు లేకపోవడమే మేలని ఆ ప్రమాణం వాడకానికి డబ్ల్యూ3సీ ఇచ్చిన మార్గదర్శినిలోనే ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో ముందే ఉన్న ట్యాగు సరిపోయే చోట దాన్నే వాడాలి, అది లేనప్పుడే ఏరియా వైపు చూడాలి.

చివరికి ఆ లాడ్జి పేజీలో క్యాలెండరును సరిచేయడంతోపాటు దాని పైన రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు గడులు పెట్టాను, తేదీ తెలిసినవారు నేరుగా కొట్టేయవచ్చు. రెండోసారి అయ్యవారికి ఆరు నిమిషాలు పట్టింది.

క్యాలెండరు ఒక్కటే కాదు, పేజీలో తిరిగే తీరు కూడా వేరుగా ఉంటుంది. చూపున్నవారు పేజీని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి కావలసిన చోటికి వెళ్లినట్టే, ఎన్‌వీడీఏ వాడేవారు హెచ్ మీట నొక్కి శీర్షిక నుంచి శీర్షికకు, బీ నొక్కి బటన్ల మీదుగా, ఎఫ్ నొక్కి ఫారం గడుల మీదుగా దూకుతూ వెళ్తారు. పేజీలోని లింకులన్నిటినీ జాబితాగా కూడా తెప్పించుకుంటారు. ఆ జాబితాలో 'ఇక్కడ క్లిక్ చేయండి' అని పన్నెండు సార్లు వినిపిస్తే ఏది గదుల ధరలకో, ఏది రద్దు నిబంధనలకో తెలిసే మార్గం లేదు. అక్షరాలను పెద్దవిగా, లావుగా చేసి శీర్షికలా కనిపించేలా చేసిన వాక్యాన్ని హెచ్ మీట పట్టించుకోదు, నిజమైన శీర్షిక ట్యాగు ఉంటేనే ఆగుతుంది.

ఫారాల్లో చిక్కులు ఇంకా లోతైనవి. గడిలో లేత బూడిద రంగులో కనిపించి, టైపు చేయగానే మాయమయ్యే సూచనను లేబులు స్థానంలో వాడతారు. జ్ఞాపకశక్తి తగ్గినవారికి సగంలో ఆగితే ఆ గడి దేనికో గుర్తురాదు. తప్పు జరిగితే గడి అంచు ఎర్రబడుతుంది తప్ప ఏం తప్పో మాటల్లో ఉండదు. ఉన్నా, అది తెరమీదికి వచ్చిందన్న సంగతి స్క్రీన్ రీడర్‌కు చెప్పకపోతే వాడేవారు 'సమర్పించు' బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉండిపోతారు. ఓటీపీ కోసం అందంగా ఉంటుందని ఆరు విడివిడి గడులు పెడతారు, అవి చెవికి ఆరు పేరు లేని ఖాళీలు. ఒకే గడి పెట్టి, అది ఓటీపీ గడి అని బ్రౌజరుకు చెప్పే లక్షణం జోడిస్తే, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన అంకెలను చాలా ఫోన్లే నింపిపెడతాయి. గడువు విషయంలోనూ నియమం ఉంది. గడువు ముగియబోతోందని ముందే హెచ్చరించి, ఒక మీట నొక్కడం వంటి తేలిక చర్యతో దాన్ని పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం 10 సార్లు పొడిగించుకోనివ్వాలి. వేలం పాట వంటి సందర్భాలకు మినహాయింపు ఉంది గానీ, లాడ్జి గదికి ఆ మినహాయింపు ఎందుకు కావాలో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ నియమాల పుట్టిల్లు డబ్ల్యూసీఏజీ (వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్), పలకడంలో వీకాగ్. డబ్ల్యూ3సీ 1999లో దాని మొదటి సంచికను, 2008లో 2.0ను, 2018లో 2.1ను, 2023 అక్టోబరులో 2.2ను వెలువరించింది. గ్రహించగలగడం, నడపగలగడం, అర్థమవడం, రకరకాల సాధనాలతో దృఢంగా పనిచేయడం అనే నాలుగు సూత్రాల కింద 2.2లో 86 ప్రమాణాలున్నాయి. వాటిని ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలుగా విభజించారు. చట్టాలూ ఒప్పందాలూ సాధారణంగా అడిగేది డబుల్ ఏ వరకు, అంటే 55 ప్రమాణాలు.

తెలుగు పేజీల దగ్గరికి వచ్చేసరికి ఆ 55 ప్రమాణాల్లో సూటిగా కనిపించని చిక్కులు ఎదురవుతాయి, నా పనిలో నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది వీటి మీదే. మొదటిది భాష ప్రకటన. పేజీ ఏ భాషలో ఉందో హెచ్‌టీఎంఎల్ మొదటి ట్యాగులోనే ఒక చిన్న గుర్తుతో రాయాలి. చాలా తెలుగు పేజీలు ఇంగ్లీషు నమూనాల మీద కట్టినవి కాబట్టి అక్కడ ఇంగ్లీషు గుర్తే మిగిలిపోతుంది. అప్పుడు స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతును ఎత్తుకుంటుంది, ఆ గొంతు తెలుగు అక్షరాలను పూర్తిగా వదిలేయవచ్చు, లేదా ఒక్కో అక్షరానికి దాని పేరు చెబుతూ సాగవచ్చు. రెండక్షరాల ఆ గుర్తును మార్చడానికి అర నిమిషం పట్టదు. మార్చితే ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే పలికే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతుతో చదువుతుంది. ఆ గొంతులో యాంత్రికత ఎక్కువే, అయినా అలవాటైనవారు దాన్ని మామూలు మాట కన్నా చాలా వేగంగా విని అర్థం చేసుకుంటారు.

రెండోది పాత ఫాంట్లు. రకరకాల లిపుల అక్షరాలకు కంప్యూటరు సంకేతాలు ఇచ్చే ప్రమాణం యూనికోడ్; 1991లో వచ్చిన దాని తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా మన డీటీపీ కేంద్రాల్లో, ముద్రణాలయాల్లో అను వంటి ఫాంట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిలో దాచి ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల సంకేతాలే, తెలుగు రూపాన్ని ఫాంటు పైకి తొడుగుతుంది. ఆ పాఠాన్ని పీడీఎఫ్‌గా చేసి వెబ్‌సైటులో పెడితే కంటికి చక్కని తెలుగు, స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. దాన్ని తప్పించుకోవడానికి కొందరు కరపత్రాన్ని ఫొటోగా మార్చి పెడతారు, అప్పుడు ఆ గుంపు కూడా ఉండదు. మామిడి సీజన్‌లో తోతాపురి ధరల పట్టికో, గ్రామసభ ప్రకటనో, కాలేజీ నోటీసో ఇలా బొమ్మగా వచ్చినప్పుడల్లా దాన్ని చదివిపెట్టమని ఇంకొకరిని అడగవలసిన మనిషి ఒకరుంటారు. నా లెక్కలో యూనికోడ్‌లోకి మార్చిన ఒక పాత నోటీసుల పుట విలువ పది కొత్త మొబైల్ యాప్‌ల విలువ కన్నా ఎక్కువ.

మూడోది వత్తులు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎత్తును పెట్టి, మిగిలింది కనిపించకుండా కత్తిరించే స్టైలు రాస్తే, తెలుగులో కింద వేలాడే వత్తు తెగిపోతుంది. బటన్ మీది 'రద్దు' 'రదు'గా, 'భక్తి' 'భకి'గా మిగులుతుంది. చూపు మందగించి అక్షరాలను 200 శాతానికి పెంచుకున్నవారికి ఈ కోత ముందుగా తగులుతుంది, ఎందుకంటే అక్షరం పెరిగినా కొలత బిగించిన గడి పెరగదు. గడులకు ఎత్తును బిగించకుండా వదిలి, వరుసల మధ్య అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లకు తగ్గని ఎడం ఇవ్వడం నా అలవాటు. అక్షరాల లెక్క కూడా ఇటువంటిదే. 'స్త్రీ' మన కంటికి ఒకటే అక్షరం, జావాస్క్రిప్టు లెక్కలో ఆరు. పేరుకు ఇరవై అక్షరాల పరిమితి పెట్టిన ఫారం తెలుగువారి పేరును మధ్యలో తుంచేసి, ఎందుకు తుంచిందో చెప్పదు.

రంగుల సంగతి తిరుపతిలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ లాడ్జీలూ ట్రావెల్స్ వారూ అందరూ పసుపు, కాషాయాలనే కోరుకుంటారు. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య కాంతి నిష్పత్తి మామూలు పరిమాణంలో కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1 ఉండాలి. తెలుపు మీద నలుపు 21కి 1. ఎరుపు 255, పచ్చ 153, నీలం 51 పాళ్ల కాషాయంతో తెల్లటి నేపథ్యం మీద రాస్తే నిష్పత్తి 2.1 దగ్గరే ఆగిపోతుంది. అదే కాషాయాన్ని వెనుక ఉంచి నల్లటి అక్షరాలు రాయవచ్చు, లేదా తెలుపు మీద ముదురు కుంకుమ రంగు వాడవచ్చు, అది 10 దాటుతుంది. యజమాని మనసూ నొవ్వదు, మే నెల మిట్టమధ్యాహ్నం అలిపిరి దగ్గర ఎండలో ఫోను చూసేవారికీ అక్షరం కనిపిస్తుంది. ఇక రికార్డు చేసిన వీడియోల్లోని మాటలు తెరమీద అక్షరాలుగా (క్యాప్షన్లుగా) కనిపించాలన్నది మొదటిదైన 'ఏ' స్థాయి నియమమే. దేవస్థానం బధిరుల పాఠశాల నడుపుతున్న ఊరిలో దానికి వేరే కారణం చెప్పనవసరం లేదు.

ఇవన్నీ యంత్రంతో తనిఖీ చేయించలేమా అని అడుగుతారు. కొంతవరకు చేయించవచ్చు. యాక్స్, వేవ్, లైట్‌హౌస్ వంటి సాధనాలు క్షణాల్లో లేబులు లేని గడులను, చాలని రంగు నిష్పత్తిని పట్టేస్తాయి. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను ఇలాగే పరీక్షిస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో కనీసం ఒక లోపమైనా దొరికింది, అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది చాలని రంగు నిష్పత్తి. కానీ బొమ్మకు వివరణ ఉందో లేదో యంత్రం చెప్పగలదు, ఆ వివరణ 'బొమ్మ' అన్న ఒక్క మాటేనని తప్పు పట్టలేకపోవచ్చు. లైట్‌హౌస్‌లో నూటికి నూరు వచ్చిన పేజీలో గది బుక్ కాకపోవడం నేను చూశాను. ఒక వరుస కోడ్ అంటిస్తే సైటంతా సరిపోతుందని అమ్మే ఓవర్‌లేల సంగతి ఇంకా విచారకరం. అవి పైపూతలు, కింద ఉన్న డివ్ డివ్‌గానే ఉంటుంది. ఇటువంటి ఉత్పత్తి ఏ వెబ్‌సైటునైనా ప్రమాణాలకు సరిపడేలా చేస్తుందని చెప్పుకున్న ఒక కంపెనీని 10 లక్షల డాలర్లు చెల్లించమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది.

చట్టం వైపు చూస్తే మన దేశంలో పునాది గట్టిగానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 1995 చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను అది 21కి పెంచింది, సమాచార సాంకేతికత అందుబాటును 42వ సెక్షన్‌లో చేర్చింది. ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది, ప్రభుత్వ వెబ్‌సైట్లకు వేరుగా మార్గదర్శకాలున్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, అందుబాటు నియమాలు సిఫారసులుగా మిగలకూడదని, తప్పక పాటించవలసినవిగా ఉండాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ఆ కేసు ఎక్కడ పుట్టిందో గమనించాలి: ఈ-కేవైసీలో (ఆన్‌లైన్‌లో గుర్తింపు రుజువు చేసుకునే దశలో) కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమని అడిగితే, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఏం చేయాలి? తెరమీద ఒక చిన్న దశ, దాని వెనుక ఒక బ్యాంకు ఖాతా.

అయినా ఈ పనికి జీతమిచ్చి మనుషులను పెట్టుకునే ఒత్తిడి ఇప్పటికీ ఎక్కువగా బయటి దేశాల నుంచే వస్తోంది. ఐరోపా యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమలవుతోంది, అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద దావాలు పడుతుంటాయి. అందువల్ల తిరుపతిలో ఇంటి నుంచి పనిచేసే నావంటివారు పగలంతా వేరే దేశపు టికెట్ల సైట్లకు ఫోకస్ క్రమం సరిచేసి, సాయంత్రం సొంత ఊరి సైటులో ఫోకస్ ఎక్కడుందో కనిపించక వెతుక్కుంటాం. ఇది నన్ను బాధించే సంగతి. చేతిలో నైపుణ్యం ఉంది, చట్టం ఉంది, మధ్యలో అడిగేవారు లేరు.

ఈ పనిలోకి రావాలనుకునే విద్యార్థులు ఖరీదైన కోర్సు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఎన్‌వీడీఏ ఉచితం, టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉంటుంది, వీకాగ్ పాఠం అంతా అందరికీ తెరిచే ఉంది. మౌస్‌ను తీసి పక్కన పెట్టి, కీబోర్డుతోనే తమ కాలేజీ ఫీజు పేజీని చివరిదాకా నడిపి చూస్తే మొదటి పాఠం అయిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. కళ్లు మూసుకుని పది నిమిషాలు స్క్రీన్ రీడర్ వాడి, చూపు లేనివారి అనుభవం తెలిసిపోయిందనుకోవద్దు. మనం అక్కడ తడబడేది అలవాటు లేక, వారు తడబడేది పేజీ తప్పు వల్ల. ఆ రెండింటి తేడా వారితో కూర్చుంటేనే తెలుస్తుంది, అలా కూర్చున్న సమయానికి వారికి డబ్బు చెల్లించాలి. మొదటిసారి అయ్యవారికి నేను చెల్లించలేదు. ఇప్పుడు గంటల లెక్కన చెల్లిస్తున్నాను, ఆయన కూడా బిల్లు పంపుతున్నారు.

గత నెల ఆయన ఆ లాడ్జిలో నిజంగానే గది బుక్ చేసుకుని వచ్చారు. బుకింగ్ అంతా సాఫీగా జరిగింది గానీ, ఈమెయిలుకు వచ్చిన రసీదు బొమ్మగా మారిన పీడీఎఫ్. కౌంటరు దగ్గర గది సంఖ్య చదివిపెట్టమని పక్కవారిని అడగవలసి వచ్చిందట. ఈ వారం ఆ రసీదును మామూలు వెబ్ పేజీగా మారుస్తున్నాను: మొదటి వరుసలో గది సంఖ్య, రెండో వరుసలో తేదీ, తర్వాతే లాడ్జి లోగో.